కుచ్చుల జాకెట్ ఎవరిది?



పోస్టు పెద్దగా ఉంటది, ముందే చెప్తున్నా. ఓపిక లేనోళ్లు దాచుకుని రాత్రి మెస్సులో తిన్నాక చదవండి.

రెండేళ్లుగా నేను ఏ ఫొటో పెట్టినా “ఏందన్నా, షూటింగా?”, “గుర్రం ఏడ కట్టేసినవ్?” అని అడుగుతున్నారు. వీటికి నేనూ నవ్వుతా. నవ్వు రాని ప్రశ్న ఇంకోటి ఉంది. క్యాంపస్‌లో బయటి దోస్తులు “నువ్వు ఎస్టీవి కదా, మీ డ్రెస్సు వేరే ఉంటది కదా, ఈ అమెరికా డ్రెస్సు ఏంది?” అంటారు. మనలోనే పెద్దన్నలు “సంస్కృతి గురించి మీటింగుల్లో మాట్లాడి, మళ్లీ ఈ తెల్లోళ్ల వేషం ఏంది తమ్మీ?” అంటారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అయినా నా ఒంటి మీద ఏముండాలో వాళ్లిద్దరికీ ముందే తెలుసు! నాలుగు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

ముందు నా దగ్గర ఏమున్నాయో చెప్తా. తొమ్మిది వెస్టర్న్ షర్టులు, రెండు డెనిమ్ జాకెట్లు, ఒక కుచ్చుల జాకెట్, నాలుగు మెడ రుమాళ్లు, ఒక జత బూట్లు. బూట్లకు రెండు వేల రెండొందలు పెట్టా, అది ట్యూషన్ చెప్పిన డబ్బు. మిగతావన్నీ కలిపినా ఐదు వేలు దాటవు. కొన్ని నిజంగా పాతవి, కొన్ని పాత పద్ధతిలో ఈమధ్య కుట్టినవి. నాకు రెండూ ఇష్టమే.

వెస్టర్న్ షర్టు దూరం నుంచి మామూలు షర్టు లాగే ఉంటుంది. దగ్గరికొస్తే తేడా తెలుస్తుంది. కాజాలు ఉండవు, టిచ్ బటన్లు ఉంటాయి, వాటి పైన ముత్యంలా మెరిసే బిళ్ల. భుజాల మీద ఇంకో పొర గుడ్డ వేసి కుడతారు, టైలర్లు దాన్ని యోక్ అంటారు. అది ముందూ వెనకా కోసుగా కిందికి దిగుతుంది. జేబులకు మూతలు, కొన్నింటికి ఆ మూత రంపం పళ్లలా రెండు కొనలతో ఉంటుంది. ఇదంతా సోకు కోసం పెట్టినట్టు కనిపిస్తది గానీ, ప్రతిదానికీ పని ఉంది. చొక్కా జీనుకో ఎద్దు కొమ్ముకో తగులుకుంటే టిచ్ బటన్లు టపటపా ఊడిపోయి మనిషి బయటపడతాడు. కాజా బటన్లయితే మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది. యోక్ ఉంటే భుజం దగ్గర గుడ్డ తొందరగా చిరగదు. జేబుకు మూత ఉంటే గుర్రం ఎంత ఎగిరినా లోపలివి పడవు. డెన్వర్ నగరంలో 1946లో రాక్‌మౌంట్ కంపెనీ పెట్టిన జాక్ వీల్ ఈ టిచ్ బటన్లను వెస్టర్న్ షర్టుకు అలవాటు చేశాడు. 107 ఏళ్లు బతికి 2008లో పోయాడు.

ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడిగారు. హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత. నేల మీద పట్టా పరిచి గుట్టలుగా పోస్తారు. పొద్దున్నే పోవాలి. చేత్తో గుట్టలో వెతుకుతూ టిచ్ బటన్ చల్లగా వేలికి తగిలితే ఆగాలి. “ఫారిన్ మాల్ భయ్యా, చేతికొచ్చింది తీస్కో” అంటాడు. నాలుగొందలు చెప్తాడు, నూట యాభైకి ఇస్తాడు. చంకలు, కాలరు, మోచేతులు వెలుతురులో పెట్టి చూడండి. బటన్లన్నీ ఒకసారి పెట్టి తీయండి. ఇంటికి తెచ్చాక వేడినీళ్లలో వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టి, ఉతికి, తిరగేసి రెండు రోజులు నీడలో ఆరేస్తే మూట వాసన పోతుంది.

ఆ మూటల దారి కూడా చెప్పాలి. అమెరికా, యూరప్ జనం వదిలేసిన బట్టలు కిలోల లెక్కన ఓడలెక్కుతాయి. గుజరాత్‌లోని కాండ్లా సెజ్‌లో ఆడవాళ్లు వాటిని రకాలుగా ఏరుతారు. చాలావరకు మళ్లీ వేరే దేశాలకు ఎగుమతి అవుతాయి. ఇంకోరకం ఎవరూ తొడగకుండా కత్తులతో కోసి, హర్యానాలోని పానిపట్‌కు పోతాయి. అక్కడ బటన్లు, జిప్పులు పీకి, రంగుల వారీగా పోసి, మిల్లుల్లో నూలుగా మార్చి దుప్పట్లు నేస్తారు. వరదలొచ్చినప్పుడు సహాయంగా పంచే చవక దుప్పట్లలో అవి చాలా ఉంటాయి. అంటే నా చేతికొచ్చిన షర్టు కత్తిని తప్పించుకుని వచ్చింది. ఒకదానికి కాలర్ లోపల ఎవరిదో పేరు ఇంకుతో రాసి ఉంది, సగం చెరిగింది. దాన్ని నేను చెరపలేదు.

ఈ పిచ్చి ఎట్లా మొదలైందంటే, మా బా వల్ల. బా అంటే మాకు నాన్న. ఆయనకు కృష్ణ అంటే ప్రాణం. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ మన తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా. కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్, ఆరుద్ర రాత, రాజస్థాన్ ఎడారిలో షూటింగ్. మా బా పుట్టకముందే వచ్చిన సినిమా అది. ఆయన మా దాదా దగ్గర కథ విని, తర్వాత టీవీలో చూసి పెరిగాడు. 2023 మే 31న కృష్ణ పుట్టినరోజుకు మళ్లీ రిలీజ్ చేస్తే మేమిద్దరం కలిసి చూశాం. బా కండువా మెడకు ముడేసుకుని వచ్చాడు, నేను టిచ్ బటన్ల షర్టు వేసుకున్నా. ఇంటర్వెల్‌లో నా కాలర్ సరిచేసి “నీకు బాగుందిరా” అన్నాడు. మా బా బట్టల గురించి నాతో మాట్లాడింది అదొక్కసారే.

తర్వాత ఇంగ్లీషు వెస్టర్న్‌లు డబ్బింగ్‌లో చూడ్డం మొదలుపెట్టా. అందులో కౌబాయ్ హీరో, కొండ మీద నుంచి బాణాలేసే ఆదివాసీలు విలన్లు. నా పక్క సీట్లోవాడు చప్పట్లు కొడుతుంటే నాకు చేతులు రాలేదు. మనం ఎటువైపు? అప్పుడు హీరో ఒంటి మీదున్న జాకెట్‌ను సరిగ్గా చూశా. చేతుల పొడుగునా వేలాడే తోలు కుచ్చులు. కొండ మీద ఉన్నవాళ్ల చొక్కాలకూ అవే కుచ్చులు!

అప్పట్నుంచి వీలైనంత చదివా. జింకతోలు అంచుల్ని సన్నగా చీల్చి కుచ్చులుగా వదలడం అక్కడి ఆదివాసీల పని. వాన నీళ్లు కుచ్చుల మీదుగా జారిపోయి తోలు తొందరగా ఆరుతుందని, అవసరానికి ఒక పోగు తెంపి తాడులా వాడుకోవచ్చని చెబుతారు. అడవుల్లో తిరిగే తెల్లవాళ్లు వాళ్ల దగ్గర చూసి వేసుకున్నారు. ఆదివాసీల మీద యుద్ధాలు చేసిన కస్టర్ అనే సైనికాధికారికి ఆ కుచ్చుల జాకెట్ అంటే మహా ఇష్టం. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షైయెన్ జాతుల చేతిలో చనిపోయాడు. ఎవరి భూమి కావాలనుకున్నాడో వాళ్ల బట్టే వేసుకుని తిరిగాడు.

మిగతావీ అంతే. పశువులు కాసే పని, తాడు విసరడం, జీను, కాళ్లకు కట్టే తోలు తొడుగులు మెక్సికో వాకేరోల దగ్గర నేర్చుకున్నవి. ఆ పశువులు తోలినవాళ్లలో నలుగురిలో ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. సినిమాల్లో వాళ్లు మాత్రం కనపడరు. జీన్స్‌కు రాగి రివెట్లు కొట్టాలన్న ఆలోచన జేకబ్ డేవిస్ అనే దర్జీది. రీగాలో పుట్టి, నెవాడాలో చిన్న కొట్టు పెట్టుకున్న యూదుడు. ఒక కట్టెలు కొట్టేవాడి కోసం జేబుల మూలల్లో రివెట్లు కొట్టాడు. పేటెంట్‌కు డబ్బుల్లేక, గుడ్డ అమ్మే లెవీ స్ట్రాస్‌ను కలుపుకున్నాడు. 1873 మే 20న పేటెంట్ వచ్చింది. ఇప్పుడు ప్యాంటు వెనక ఎవరి పేరుందో మీకు తెలుసు. కౌబాయ్ మెడలో కట్టే బందానా అనే మాట మన దేశపు ‘బాంధ్‌నా’ నుంచి, ముడులేసి అద్దకం వేసే పని నుంచి పోయింది. డంగరీ అనే మాట బొంబాయి డోంగ్రీ నుంచి. ఇంతమంది చేతులు పడితే తయారైన బట్టను మనం “తెల్లోళ్ల వేషం” అంటున్నాం. ఆ చేతులన్నీ తీసేస్తే ఆ హీరో ఒంటి మీద ఏం మిగులుతుందో చూడండి.

ఇప్పుడు నాకు నిద్రపట్టకుండా చేసిన సంవత్సరం గురించి. 1883. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం ఆదివాసీల నాట్యాలను, పూజలను నేరం చేస్తూ నియమాలు తెచ్చింది. పట్టుబడితే రేషన్ ఆపుతారు, జైల్లో పెడతారు. సరిగ్గా అదే ఏడాది బఫెలో బిల్ అనే ఆయన ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శన మొదలుపెట్టాడు. అందులో ఆదివాసీలు తమ బట్టలు కట్టి, ఈకలు పెట్టి, టికెట్ కొన్న జనం ముందు నాట్యం చెయ్యాలి. 1885లో లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ కూడా ఆ ప్రదర్శనతో కొన్ని నెలలు తిరిగాడు. అంతకుముందే, 1879లో, పెన్సిల్వేనియాలో కార్లైల్ బోర్డింగ్ స్కూల్ పెట్టారు. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించి, సొంత బట్టలు తీసేసి, యూనిఫాం వేసి, ముందు ఫొటో, తర్వాత ఫొటో తీసేవాళ్లు. ఇంట్లో కడితే నేరం, బడిలో కడితే అనాగరికం, టికెట్ పెట్టి చూపిస్తే కళ.

ఎక్కడో విన్నట్టు ఉందా? నాకు ఉంది. డిగ్రీలో ఉన్నప్పుడు మా కాలేజీకి ఒక పెద్ద అతిథి వస్తున్నాడని మమ్మల్ని పిలిచారు. ఎస్టీ పిల్లలు పదిమంది “ట్రెడిషనల్ డ్రెస్”లో గేటు దగ్గర నిలబడాలి, డప్పు కొట్టాలి. నేను నీలం రంగు వెస్టర్న్ షర్టులో ఉన్నా. “ఇదేంటి, మీ డ్రెస్సు వేసుకురా” అన్నారు. “సార్, మా తండాలో మగవాళ్లు ధోతి కడతారు, తలపాగా చుడతారు. అది కట్టుకురానా?” అన్నా. “అది అందరూ కట్టేదే కదయ్యా, ఈకలూ గీకలూ ఏమన్నా ఉంటే…” అన్నారు. కోయ తమ్ముడొకడు కొమ్ముల తలపాగా పెట్టుకుని అప్పటికే ఎండలో గంట నుంచి నిలబడి ఉన్నాడు. అది వాళ్ల ఊళ్లో పండగకు పెట్టేది, గేటుకు పెట్టేది కాదు. నేను ఆ షర్టుతోనే వాడి పక్కన నిలబడ్డా. ఫొటోలో నన్ను కత్తిరించేశారు.

ఆగస్టు 9న మనం మన బట్టలు కట్టుకుని ఊరేగడం వేరు. అది మనకోసం మనం కట్టుకునేది, నేనూ తలపాగా చుట్టి పోతా. నేను అడిగేది మిగతా రోజుల గురించి. మిగతా రోజుల్లో మా చెల్లి ఫేటియా కట్టుకుని బస్సెక్కితే నవ్వుతారు. చొక్కా వేసుకుని నేను ఎక్కితే “మీ డ్రెస్సు ఏది” అంటారు.

ఆ ఫొటో సంగతి తర్వాత జాక్సన్ సండౌన్ గురించి చదివా. నెజ్ పెర్స్ జాతి మనిషి. 1916లో, 53 ఏళ్ల వయసులో, ఒరెగాన్‌లో జరిగే పెండిల్టన్ రౌండప్ అనే పెద్ద రోడియో పోటీలో గెలిచాడు. ఆయన ఫొటోలు దొరుకుతాయి, చూడండి. కౌబాయ్ టోపీ, బొచ్చు తోలు తొడుగులు, మెడలో రుమాలు. వాటి మధ్య తన జాతి పద్ధతిలో రెండు పొడుగు జడలు, గుర్రం ఎగిరినప్పుడు అడ్డం రాకుండా గడ్డం కింద ముడేసుకుని. ఆ ఫొటో ప్రింట్ తీసి నా మంచం పక్కన అంటించా.

మా వైపు నుంచి ఇంకో మాట. కౌబాయ్ అంటే పశువుల్ని వందల మైళ్లు తోలుకుపోయేవాడు. 1867 నుంచి టెక్సాస్ పశువులు కాన్సస్‌లోని ఆబిలీన్ రైలు స్టేషన్ దాకా నడిచాయి. ముళ్లకంచెలు, రైళ్లు వచ్చాక ఇరవై ఏళ్లలోనే ఆ నడక అయిపోయింది. మా లంబాడీలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచి వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఎత్తుకుని దక్కన్ అంతా తిరిగినవాళ్లు. మొగలు సైన్యాలకు తిండి మోసినవాళ్లు. తండా అంటే మొదట ఊరు కాదు, నడిచే గుంపు. రోడ్లు, రైళ్లు వచ్చాక మా నడకా ఆగింది. అక్కడ పని పోయిన కౌబాయ్‌కి సినిమాలో హీరో వేషం దొరికింది. ఇక్కడ 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, చాలాచోట్ల మావాళ్లను పుట్టుకతోనే దొంగలని రాశారు. ఆ చట్టం 1952లో పోయింది. అందుకే ఎవరన్నా “నీకు కౌబాయ్ డ్రెస్సు ఎందుకు” అంటే నాకు నవ్వొస్తుంది. ఎద్దుల వెంట నడిచిన కాళ్లు మావి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. పోయిన ఎండాకాలం తండాలో ఉండగా ఒక వ్యాపారి బండి మీద వచ్చాడు. పాత ఫేటియాలు, కాంచళీలు, టుక్రీలు కొంటాడు. ఎంత పాతదైతే అంత మంచిదంటాడు. “వింటేజ్” అన్నాడు, అదే మాట! ఆ బట్టల్ని ఏం చేస్తారో నాకు తెలుసు. అద్దాలు, గవ్వలు, కుట్టుపనీ ఉన్న ముక్కల వరకు కోసి, హ్యాండ్‌బ్యాగులకు, జీన్స్ జాకెట్ల వీపులకు అతికిస్తారు. పెద్ద ఊళ్లలో వేలకు అమ్ముతారు. చీటీ మీద ‘బంజారా’ అని ఉంటుంది, కుట్టినామె పేరు ఉండదు.

మా దాదికి రెండు ఫేటియాలు మిగిలాయి. మూడోది నా డిగ్రీ ఫీజుకు అమ్మింది, పన్నెండొందలకు. అది ఎవరి భుజానికి సంచీగా వేలాడుతోందో. వ్యాపారి ఈసారి పదిహేనొందలు అన్నాడు. మా యాడి నా వైపు చూసింది, ఎందుకంటే నాట్ల ముందు రోజులు, ఇంట్లో డబ్బు కావాలి. నేను నోరు విప్పేలోపే దాది మొదలుపెట్టింది. మా గోర్‌బోలీలో అన్నది తెలుగులో రాస్తున్నా:

“రెండు ఎండాకాలాలు కుట్టిన. పొద్దున పొలం పని, మాపటికి దీపం కాడ ఇది. నూట ఇరవై దినాలు వేసుకో. ఉపాధి పనికి దినానికి మూడొందలిస్తున్నరు. ముప్పై ఆరు వేలు అయితది. అద్దాలు, గవ్వలు ఊరికే ఇస్త, నీ మొఖం చూసి.”

వ్యాపారి నవ్వాడు. దాది నవ్వలేదు. ఆయన మూడు వేల దాకా వచ్చి, బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. “నేను కుట్టింది నేను అమ్ముకుంట, నువ్వేం అడ్డం రావొద్దు బేటా,” అన్నది నాతో. “కానీ ధర నేను చెప్త.” నాట్లకు డబ్బు యాడి సంఘంలో అప్పు తెచ్చింది. ఆ అప్పు ఇంకా కడుతున్నాం. ఫేటియా పెట్టెలో ఉంది. ఇది కథ లాగా తేలిగ్గా అయిపోలేదని చెప్పడానికే అప్పు సంగతి రాస్తున్నా.

ఆ సాయంత్రం దాది నా షర్టు అడిగి తీసుకుంది. భుజం మీద తిప్పి, యోక్ కుట్టును గోటితో గీరి చూసింది. “మంచి చెయ్యి” అన్నది. తర్వాత జేబు మూత లోపలి వైపు చూసి “ఇక్కడ తొందరపడ్డది” అన్నది. చివరికి అడిగింది: “ఎవరు కుట్టిండ్రు?” నా దగ్గర కంపెనీ పేరు ఉంది, దేశం పేరు ఉంది. ఆమె అడిగినదానికి జవాబు ఆ షర్టు మీద ఎక్కడా లేదు. మోచేతి దగ్గర చిరుగు ఉంటే ఎర్రదారంతో, ఫేటియా అంచుకు వేసే కుట్టుతోనే కుట్టి ఇచ్చింది. ఇప్పుడు నా తొమ్మిది షర్టుల్లో ఒక్కదాని మీద మాత్రం కుట్టినవాళ్ల పేరు నాకు తెలుసు.

కాబట్టి అన్నలకు, దోస్తులకు నా జవాబు ఇది. ఎవరు ఏం వేసుకోవాలన్న లెక్క నాతో పెట్టకండి. నేను ధోతి కడతా, టిచ్ బటన్ల షర్టు వేస్తా, కుచ్చుల జాకెట్ కూడా వేస్తా, దాని కుచ్చులు ఎవరివో అడిగినవాళ్లందరికీ చెప్తా. మీరు అడగాల్సింది దాది అడిగిన ప్రశ్న. సండూర్ లంబాణి కుట్టుపనికి జీఐ గుర్తింపు ఉంది, అది కర్ణాటకలో మన ఆడవాళ్లు కలిసి పనిచేస్తే వచ్చింది. మన తండాల్లో, గూడేల్లో పెట్టెల్లో ఉన్నవాటికి ఏ చీటీ లేదు.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చెయ్యండి. మీ అవ్వ, దాది, నానమ్మ ఎవరి దగ్గరైనా చేత్తో కుట్టినవి, నేసినవి ఉంటే పగటి వెలుతురులో ముందూ వెనకా ఫొటో తీయండి. ఎవరు కుట్టారు, ఏ ఊళ్లో, ఏ పెళ్లికి లేక పండగకు, ఎన్నాళ్లు పట్టింది, ఆ కుట్టును మన భాషలో ఏమంటారు, ఇవి నోట్‌బుక్‌లో రాయండి. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టకండి, చెమ్మ పడుతుంది. పాత కాటన్ చీరలో చుట్టి ఎండిన వేపాకు వెయ్యండి. అద్దాలున్న చోట మడత పెట్టకండి. అమ్మాల్సి వస్తే అమ్మండి, ఇంటి అవసరం ఇంటిదే, కానీ ముందు దినాల లెక్క కట్టండి.

మా తండాలో ఇప్పటికి పదకొండు ఫేటియాల వివరాలు రాశా. ఇంకో నాలుగు ఇళ్లు మిగిలాయి. మీ ఊళ్లో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టి చెప్పండి.